గ్లాసు మీద వేళ్లు

కొడుకు పోయాక అక్క అన్నం మానేసింది. చెల్లెలు అక్షరాలూ, "సరే", "వద్దు"లూ రాసిన పలక మీద గ్లాసు బోర్లించి, వేలితో తోసి, పోయినవాడి చేత "అమ్మా, బాగున్నాను" అని పలికించింది. అక్క తిన్నది. దర్జీ బావ దాన్నే మతంగా కుట్టేశాడు. ఊరి కొలతలు తీసుకునేవాణ్ణి ఊరే కొలవసాగింది. గ్లాసు చెప్పందే ఎవరూ మందు ముట్టరు, చెల్లెలి మొగుడితో సహా.

ఇప్పుడు చెల్లెలి కొడుక్కి జ్వరం. "ఆస్పత్రికి తీసుకెళ్లనా?" అని అడిగి, ఆమె గ్లాసును "సరే" వైపు తోసింది. అది "వద్దు" వైపు జరిగింది. అక్క వేలిగోరు నొక్కుడుకి తెల్లబడింది.

"అక్కా, నువ్వా?"

"నేనెందుకే? మావాడే. ఆడుకోవడానికి తోడు లేక ఒక్కడికి తోచట్లేదట."

చెల్లెలు పిల్లాణ్ణి ఎత్తుకునేలోపే మొగుడు తలుపు గడియపెట్టాడు.