వేదవల్లి చివరి పాట

నేను ఒక ఫోనోగ్రాఫ్‌ని. గ్రామఫోన్ అనుకునేరు, కాదు. అది నా తర్వాత పుట్టింది, నల్లటి పళ్ళేలు తిప్పుతుంది. నేను తిప్పేవి మైనపు గొట్టాలు. టీ గ్లాసంత గొట్టం, దాని ఒంటినిండా వెంట్రుక కంటే సన్నటి గాడి. ఆ గాడిలో నా సూది నడుస్తుంటే అందులో దాగిన గొంతు బయటికొస్తుంది. రెండు నిమిషాలే. ఆ తర్వాత గొట్టం మార్చాలి. ఖాళీ గొట్టం తొడిగి బాకాలో పాడితే ఎవరి గొంతైనా అందులో దాగుతుంది.

నూట ఇరవై ఏళ్ళ కిందట సముద్రాల అవతల ఒక కర్మాగారంలో నన్ను చేశారు. చెక్కపెట్టె, లోపల ఉక్కు స్ప్రింగు, పైన రేకు బాకా. పనివాడొకడు నాకు మొదటి గొట్టం తొడిగి కీ ఇచ్చినప్పుడు నా బాకాలోంచి ఎవడో పకపకా నవ్వాడు. అందరికంటే ఎక్కువ అదిరిపడింది నేనే. లోపల మనిషి లేడని నాకు తెలుసు కదా!

ఓడలో మద్రాసు చేరి, అక్కణ్ణుంచి బందరులో ఒక డాక్టరు గారి హాల్లోకి వచ్చాను. ఆయన దగ్గరికి వచ్చే రోగులు నా పాట విని జబ్బు సంగతి మరిచిపోయేవాళ్ళు. ఒక పెద్దాయన బల్ల కిందకి దూరి మరీ పాడేవాడి కోసం వెతికాడు. ఇంతలో పళ్ళేల యంత్రం వచ్చింది. నన్ను కళ్ళకద్దుకున్న చేతులే అటక మీదికి తోసేశాయి. మనుషుల ముచ్చట ఎంతకాలం ఉంటుందో అప్పుడే తెలిసింది. తర్వాతి తరం వాళ్ళు నా బాకా ఊడదీసి కిరసనాయిలు పోసుకోవడానికి వాడుకున్నారు. ఒక తుఫానులో నీళ్ళలో నానాను. చెదలు నా పెట్టెలో ఒక మూల తినేశాయి. చివరికి గుంటూరులో ఒక పాత సామాన్ల కొట్లో, తుప్పు పట్టిన ఫ్యాన్ల కింద తేలాను.

అక్కడ నన్ను కొన్నవాడు ఇన్నయ్య. కట్టుడు పళ్ళు తయారుచేసే మనిషి. ఆయన నన్ను భుజాన పెట్టుకుని ఇంటికి తెస్తే భార్య శౌరమ్మ గుమ్మంలోనే ఆపి, ఇది పాడుతుందా, పాడినా మనకి వినే తీరికుందా అని అడిగింది. ఇన్నయ్య నన్ను లోపలికి తెచ్చి పళ్ళ అచ్చుల పక్కన దించాడు.

మర్నాడు నా మరలన్నీ విప్పేశాడు. ఒక్కో ముక్కా గుడ్డ మీద పరిచి, వాటికి అంకెలు వేశాడు. నేను మ్రాన్పడిపోయాను. చావంటే ఇదేననుకున్నాను. ఆయన మాత్రం ఈల వేస్తూ స్ప్రింగుకి పట్టిన పాత జిడ్డు గీకాడు. తెగిన పట్టీ బదులు తోలు పట్టీ కుట్టాడు. పోయిన బాకా బదులు రేకుతో కొత్తది చేసి తగిలించాడు. పళ్ళ మధ్య సందులు తోమే సన్నటి పనిముట్లతో నా మర పళ్ళు తోమాడు. నా సూది వెనక పలికే అభ్రకపు బిళ్ళ పగిలితే కొత్తది కోసి అమర్చాడు. ఇలా ఏడు నెలలు. చివరికి ఎక్కణ్ణుంచో తెప్పించిన బ్యాండు వాయిద్యాల గొట్టం తొడిగి కీ ఇస్తే, గరగరమంటూ నేను మళ్ళీ మోగాను. శౌరమ్మ వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చి అలాగే నిలబడిపోయింది. ఆ పూట కూర మాడింది.

ఆ సమయానికి ముందు గదిలో కట్టుడు పళ్ళు సరిచేయించుకోవడానికి వచ్చి కూర్చున్నావిడ అలివేలు. రిటైరైన టీచరు, డెబ్బై రెండేళ్ళు. చప్పుడు విని లోపలికొచ్చింది. నా మీదున్న గొట్టాన్ని చూసి, ఇలాంటిది మా ఇంట్లో ఒకటుందని చెప్పింది. అది వాళ్ళ నాయనమ్మ వేదవల్లిదట. పెళ్ళికి ముందు నాటకాల్లో పాడేది. పెళ్ళయ్యాక గొంతుకు జబ్బు చేసింది, వద్దన్నా పాడింది, గొంతు పోయింది. ఇంట్లో అందరూ చెప్పుకునే కథ అది. ఆ వంశంలో ఆడపిల్లలు పాడితే అదే జబ్బు వస్తుందన్న భయం అప్పటి నుంచీ ఉంది. సంగీతం మాస్టారు ఇంటికొచ్చి అడిగినా అలివేలుని పంపలేదు. బడిలో ప్రార్థన జరుగుతుంటే ముప్పై ఏళ్ళూ పెదవులు కదిపి ఊరుకుందట.

రెండు రోజుల తర్వాత ఆ గొట్టం తెచ్చింది. పాత పట్టు గుడ్డలో చుట్టి ఉంది. ఒంటినిండా బూజు మచ్చలు, ఒక అంచున సన్నటి బీట. ఇన్నయ్య దాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు.

"టీచర్ గారూ, సూది పెడితే పగిలిపోవచ్చు. పెట్టకపోతే ఇలాగే ఉంటుంది. మీ ఇష్టం."

ఆవిడ పట్టు గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "ఇలా ఉండి ఎవరికి లాభం? పెట్టండి" అంది.

పెట్టాడు. ముందు హోరు, తర్వాత హార్మోనియం, ఆ తర్వాత ఒక ఆడగొంతు. నా బతుకులో ఎన్నో గొంతులు మోశాను, అలాంటిది మోయలేదు. ఎక్కడా వణకలేదు, ఎక్కడా తడబడలేదు. జబ్బు చేసిన గొంతు కాదది. పాట అయిపోయింది. హార్మోనియం ఆగింది. గాడి ఇంకా మిగిలే ఉంది. ఆ గొంతే మాట్లాడింది.

"నా పేరు వేదవల్లి. ఇది నా చివరి పాట. నా గొంతుకు ఏ జబ్బూ లేదు. మళ్ళీ పాడితే పిల్లాణ్ణి కంటికి కూడా చూపించబోమన్నారు మా వాళ్ళు. అందుకని మానేస్తున్నాను. జబ్బు చేసిందని అందరికీ చెబుతారట. మీరు నమ్మకండి."

అంతే. టప్పున చప్పుడైంది. బీట ఈ చివరి నుంచి ఆ చివరికి పాకి, గొట్టం రెండు చెక్కలై నా ఒడిలో పడింది. నా సూది గాల్లో వేలాడింది. ఇంకో గొట్టమేదైనా నా కింద పగిలుంటే బాధపడేదాన్నేమో. అప్పుడు మాత్రం దిమ్మెరపోయాను. ఆ మనిషి నూరేళ్ళకు పైగా దాచుకున్న మాట చెప్పించిందీ నేనే, చెప్పిన వెంటనే ఆ గొంతుని లేకుండా చేసిందీ నేనే. ఫోనులో రికార్డు చేయాలన్న ఆలోచన ఇన్నయ్యకి అప్పుడొచ్చింది. తల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాడు. శౌరమ్మ మంచినీళ్ళు తెచ్చి అలివేలు చేతికిచ్చింది. ఆవిడ తాగలేదు. గ్లాసు పట్టుకునే అన్నయ్య శేషగిరికి ఫోన్ చేసి, విన్నది విన్నట్టు చెప్పింది.

ఫోను స్పీకరులోంచి ఆయన గొంతు గదిలో అందరికీ వినబడింది.

"తెలుసమ్మా. ఆ పాటకి హార్మోనియం వాయించినాయన మన నాన్నకి చెప్పాడట. నాన్న పోయేముందు నాకు చెప్పాడు. పాతవన్నీ తవ్వుకోవడం ఎందుకని ఊరుకున్నాను."

జబ్బు లేదని ఒకరికి తెలుసు. తెలిసీ, చెల్లెలు పెదవులు కదిపి ఊరుకోవడం ఏళ్ళ తరబడి చూశాడు. అలివేలు ఫోన్ పెట్టేసి, రెండు చెక్కల్నీ గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా శేషగిరి వచ్చాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, కర్ర సాయంతో మెట్లెక్కి, నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. వెనకే అలివేలు. అన్నయ్య నాయనమ్మ గొంతు వినాలన్నాడని, పగిలిందంటే నమ్మలేదని, అందుకే తీసుకొచ్చానని ఇన్నయ్యకి చెప్పింది. ఇన్నయ్య ఖాళీగా ఉన్న నా ఇరుసు చూపించాడు. ముసలాయన దాన్ని వేలితో తాకి చూశాడు.

"పాట ఎలా ఉందమ్మా?" అని అడిగాడు, చెల్లెలి వైపు చూడకుండా.

అలివేలు జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. ఒక్కసారే విన్న పాట. శ్రుతి కలవలేదు. కొత్త పళ్ళ మధ్య నుంచి గాలి ఈలలా పోయింది. రెండో చరణం దగ్గర పదాలు మరిచి, మళ్ళీ మొదటికొచ్చింది. ఆపలేదు. శేషగిరి కర్ర మీద చేతులు, చేతుల మీద నుదురు ఆనించి విన్నాడు.

ఇన్నయ్య అలవాటుగా నా కీ వైపు చెయ్యి చాపి, పాడేది నేను కాదని గుర్తొచ్చి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఆ గదిలో నేనొక చెక్కపెట్టెను మాత్రమే.