మెడ జర తగ్గిస్తే

వకుళ ఫోన్లో గ్యాస్ బండ గురించి మాట్లాడుతూ కాగితం మూలన గీసిన పిల్ల లేచి కూర్చుని, తనకు పాదాలు గీయలేదని గుర్తు చేస్తుంది. వకుళ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పాదాలు గీస్తుంది. కార్టూన్ బొమ్మలు గీసే స్టూడియోలో ఇదంతా మామూలే.

కొత్త సీరియల్ కోసం వకుళ చాన్నాళ్లుగా బుద్ధిగా కూర్చుని గీసిన పిల్లలంతా గ్రూపు ఫొటోకు నిలబెట్టినట్టు బిగుసుకుపోయారు. ఈ పిల్లను మాత్రం చెయ్యి తనంతట తానే గీసేసింది. పొడుగు మెడ, ముందర ఒక వంకర పన్ను. చూస్తుంటే వకుళకు ప్రాణం లేచొస్తుంది. ఎవరికీ ఇవ్వకూడదనిపిస్తుంది. కానీ గీసింది ఏదైనా బల్ల మీద పరిచి నలుగురి అభిప్రాయం అడగాల్సిందే. అభిప్రాయాలకేం, ఎప్పుడూ కరువు లేదు.

స్టూడియో యజమాని చెన్నకేశవ సారు టీ గ్లాసుతో వస్తాడు.

"మంచిగుంది వకుళమ్మా. మెడ జర తగ్గిస్తే ఇంక మంచిగుంటది."

ఆయన మాట పూర్తయ్యేసరికి మెడ తగ్గిపోతుంది. వకుళ పెన్సిలు ముట్టుకోనే లేదు.

కళ్ళు పెద్దగుండాలంటుంది రంగులు వేసే సువార్త. కళ్ళు చెవుల దాకా పాకుతాయి. ముక్కెందుకంటారెవరో. ముక్కు రాలి కిందపడుతుంది, చీపురుతో పాటు వెళ్ళిపోతుంది.

"ఆ వంకర పల్లు ఉండనియ్యండి సార్," వకుళ బతిమాలుతుంది. "పల్లు లేకుంటే అది ఈ పిల్లనే కాదు."

"ఉంచుదాం తియ్యి. లోపల ఉంచుదాం."

పిల్ల నోరు మూసుకుపోతుంది.

ఇప్పుడు పిల్ల అందరికీ తెగ ముద్దొస్తుంది. పక్క ఆఫీసుల వాళ్ళు కూడా వచ్చి కళ్ళప్పగించి చూస్తారు. చూసినకొద్దీ పిల్ల గీతలు పలచబడతాయి. వకుళ చెయ్యి ఆనిస్తే కాగితం కాలిపోతోంది. ఆమెకు ఏడుపు ముంచుకొస్తుంది. ఇంతమంది కళ్ళు పడ్డ పిల్లకు ఏ ఇంట్లోనైనా చేసేదే తనూ చేస్తుంది. తన కంటి కాటుక వేలికి రాసుకుని పిల్ల బుగ్గన దిష్టిచుక్క పెడుతుంది. చూపులన్నీ చుక్క మీదకు పోతాయి. పిల్లకు జ్వరం కాస్త దిగుతుంది.

"అరె, గీ చుక్క ఎంత ముద్దుగుంది!" అంటుంది సువార్త.

"గిదే కావాలె మనకు," అంటాడు సారు. "మిగిలిందంత ఎందుకు?"

వకుళ రెండు చేతులూ అడ్డం పెడుతుంది. మాట చేతులకు ఆగుతుందా! పిల్ల పాదాల నుంచి పైకి చెరిగిపోతూ, మూసిన నోటితో వకుళనే చూస్తుంది. తెల్లకాగితం మీద చుక్క మిగులుతుంది.

చుక్కను చూసేందుకు వచ్చినవాళ్ళ వరుస మెట్లు దిగి రోడ్డు దాటుతుంది. సువార్తకు కంగారు పుడుతుంది.

"ఇంతమంది చూస్తే చుక్కకు దిష్టి తగుల్తది సార్. పక్కన ఏదన్న సక్కగ లేనిది పెట్టాలె."

అందరికీ అది న్యాయంగానే తోస్తుంది. సారు గదంతా వెతికి వకుళ దగ్గర ఆగుతాడు.

"నువ్వున్నవ్ గదమ్మా."

వకుళ చెప్పులు విడిచి కాగితంలోకి ఎక్కి, చుక్క పక్కన పడుకుంటుంది. వీపు కింద కాగితం ఇంకా వెచ్చగానే ఉంది. దగ్గర నుంచి చూస్తే చుక్క నుయ్యంత లోతు. లోపలి నుంచి చిన్న చెయ్యి ఒకటి వచ్చి, నల్లటి వేలితో తడుముకుంటూ వకుళ బుగ్గన చుక్క పెడుతుంది.

పైనున్న ముఖాలన్నీ ఇటు వంగుతాయి.

"మంచిగుంది," సారు టీ చప్పరిస్తాడు. "మెడ జర తగ్గిస్తే ఇంక మంచిగుంటది."

వకుళ గడ్డం భుజాల మధ్యకు దిగడం మొదలవుతుంది. చుక్కలోంచి రెండో చెయ్యి కూడా వస్తుంది. రెండు చిన్న చేతులూ ఆమె గడ్డాన్ని పట్టుకుని పైకి ఎత్తుతూనే ఉంటాయి, గడ్డం దిగుతూనే ఉంటుంది.