చేతులు కట్టుకున్న తాతయ్య

టైరు లోపలి అంచంతా వేలితో తడుముతూ పోతుంటే ముల్లు దొరికింది. దాన్ని గోటితో లాగి, వెలుతురుకు ఎత్తి చూసి, "ఇంత లేవు, ఎంత పని చేశావే" అని మందలించి పారేశాడు. ట్యూబు చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది. ఉలిక్కిపడి, చక్రాన్ని ఎలా ఉన్నదాన్ని అలాగే కింద పెట్టేశాడు. పంక్చరు వెయ్యవలసింది తను కాదు. ఇవాళ ఏ పనీ తను చెయ్యకూడదు.

పొద్దున్న ఏడింటికి, ఆరోగ్య కేంద్రం వెనక రేకుల షెడ్డులో, దొంగతనంగా పని చేస్తూ తనకు తానే దొరికిపోయిన ఈ మనిషికి ముప్ఫై నిండి కొన్ని నెలలే అయింది. అయినా అందరికీ అతను తాతయ్యే. యువజన సంఘం తరఫున స్వచ్ఛంద సేవకు ఈ దేశం వచ్చిన ఏడుగురిలో మిగతా ఆరుగురూ ఇరవై దాటని పిల్లలు. ముప్ఫై దాటితే తీసుకోని సంఘంలోకి ఆఖరి నిమిషంలో దూరినవాడని, విమానం ఎక్కకముందే వాళ్ళు ఆ పేరు తగిలించారు. ఇక్కడి నర్సులు అదే పట్టుకున్నారు. యాభై రెండేళ్ళ పెద్ద నర్సు కూడా ఏమాత్రం తడుముకోకుండా "తాతయ్యా" అని పిలుస్తుంది. అతను ఆవిడను "అక్కా" అంటాడు. ఎనిమిది నెలల్లో వాళ్ళ భాష అతనికి పని జరిగేంత వచ్చింది, పోట్లాడేంత రాలేదు. సొంత భాషలోనే పోట్లాడని మనిషికి అది లోటుగా తోచలేదు.

నోట్లో నాలుక లేనివాడని వాళ్ళమ్మ చుట్టాలందరికీ చెప్పేది. పదో తరగతితో చదువు ఆపి మేనమామ సైకిలు షాపులో చేరాడు. ఆ షాపులో నేర్పడమనేది లేదు. మామ పని చేస్తుంటే చూడాలి, అంతే. ఆరేళ్ళు చూశాక గానీ వంకరపోయిన చక్రానికి బెండు తీసే పని అతని చేతికి రాలేదు. వచ్చాక మాత్రం మామను మించిపోయాడు. కళ్ళు మూసుకుని, చక్రం తిరిగే చప్పుడు విని, ఏ స్పోకు వదులైందో చెప్పేవాడు. కానీ ఆ సంగతి తెలిసిన కస్టమరు ఒక్కడూ లేడు. పేరంతా మామదే. చుట్టాల పెళ్ళిళ్ళలో కుర్చీలు మోసేది అతనే గనక ఏ ఫొటోలోనూ అతను పడలేదు.

ఒక రోజు టైరుకు గాలి కొట్టించుకోవడానికి వచ్చిన యువజన సంఘం అమ్మాయి షాపు తలుపుకు ఒక కాగితం అంటించి వెళ్ళింది. వారం రోజులు దాన్ని చదివి చదివి, ఎనిమిదో రోజు దరఖాస్తు పెట్టాడు. చదువు రాయమన్న చోట పదో తరగతి అని, మీకు ఏమి వచ్చు అన్న చోట "చక్రం బెండు తీస్తాను" అని రాశాడు. మామ పడీ పడీ నవ్వాడు. సంఘం వాళ్ళు నవ్వలేదు. ఆరోగ్య కేంద్రంలో నర్సుల సైకిళ్ళు పదకొండు మూలపడి ఉన్నాయి, బాగుచేయడమే కాదు, నర్సులకు నేర్పి కూడా రావాలన్నారు.

వచ్చిన నెలలో పదకొండూ రోడ్డెక్కాయి. అంతవరకు వారానికొక పల్లె నడిచి చూసిన నర్సులు రోజుకొక పల్లె చూడసాగారు. వాళ్ళు అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. "తాతయ్య లేకపోతే మా గతేమిటి?" అని ఎవరో ఒకరు అనని రోజు లేదు. అలాంటి మాట అతను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అది ఎంత తియ్యగా ఉందంటే, నర్సు ఎవరైనా పానా పట్టుకుంటే చాలు, "ఇటివ్వక్కా, నీకెందుకు శ్రమ" అని లాక్కుని తనే బిగించేవాడు. చూస్తున్నారుగా, వాళ్ళే నేర్చుకుంటారనుకున్నాడు. తను అలాగే కదా నేర్చుకున్నది.

రెండు వారాల కిందట జ్వరంతో నాలుగు రోజులు మంచం దిగలేదు. ఐదో రోజు షెడ్డుకు వచ్చి చూస్తే ఆరు సైకిళ్ళు గోడకు చేరబడి అతని కోసం ఎదురుచూస్తున్నాయి. రెండింటికి గాలి పోయిందంతే. వాటినైనా ఎవరూ ముట్టుకోలేదు. ఆ నాలుగు రోజులూ నర్సులు నడిచారు, కొన్ని పల్లెలకు అసలు వెళ్ళనే లేదు. అతనికి అప్పుడు తెలిసొచ్చింది. తను నేర్పింది ఏమీ లేదు, ఎనిమిది నెలలూ తను లేకపోతే జరగదనిపించుకున్నాడు, అంతే. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

ఆ రోజే పాత ట్యూబు ముక్క ఒకటి పెద్ద నర్సు చేతికిచ్చి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

"నా చేతులు కట్టెయ్యక్కా."

"ఏమైంది తాతయ్యా, జ్వరం మళ్ళీ తిరగబెట్టిందా?"

"కట్టు. ఇక మీరు చేస్తారు, నేను నోటితో చెబుతాను."

నర్సులు కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. రెండు వారాలు అలాగే గడిచాయి. పంక్చర్లు, చైన్లు, బ్రేకులు అందరికీ పట్టుబడ్డాయి. బెండు తీయడం మాత్రం ఎవరికీ లొంగలేదు. పెద్ద నర్సయితే స్పోకులు బిగించే తాళం చూస్తేనే ఆమడ దూరం జరిగేది.

సేవా గడువు తీరింది, ఇవాళ మూడింటికి అతని బస్సు. పదకొండింటికి పెద్ద డాక్టరమ్మ షెడ్డుకు వస్తుంది. ఆవిడది అన్యాయమైన మాటేమీ కాదు. "ఆ అబ్బాయి వెళ్ళిపోయాక ఈ షెడ్డు ఎవరికి? మందుల పెట్టెలు వరండాలో తడుస్తున్నాయి" అంది. నర్సులు తమంతట తాము నడుపుకోగలరని కళ్ళారా చూస్తేనే షెడ్డు ఉంటుంది. లేదంటే సాయంత్రానికి పెట్టెలు లోపలికి వస్తాయి, సైకిళ్ళు వానలోకి పోతాయి.

డాక్టరమ్మ చెప్పిన వేళకే వచ్చింది. సైకిళ్ళన్నీ ఒకసారి చూసి, గుంతలో పడి వెనక చక్రం వంకరపోయినదాన్ని చూపించింది. ఆ తరువాత నర్సులందరినీ ఒక చుట్టు చూసి, గోడ పక్కకు తప్పుకోబోతున్న పెద్ద నర్సును పిలిచింది.

"నువ్వు చెయ్యి."

అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. మిగతా పదిమందిలో ఎవరైనా ఫరవాలేదనుకున్నాడు. డాక్టరమ్మ ముందు చేతులు కట్టించుకోలేక, అరచేతులు తొడల కింద పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

పెద్ద నర్సు సైకిలును తలకిందులు చేసి చక్రం తిప్పింది. రిమ్ము బ్రేకుకు రాసుకుని చర్రుమంది. రాసుకునే వైపు స్పోకు వదులు చెయ్యాలి, అవతలి వైపు బిగించాలి. ఆవిడ కంగారులో అటుది ఇటు చేసింది. చక్రం మరింత గట్టిగా చర్రుచర్రుమంది. ఆవిడ నుదురంతా చెమట. తల తిప్పి అతని వైపు చూసింది. 'ఇటివ్వక్కా' అనే మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది, తొడల కింద నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చేసింది కూడా.

అప్పుడతను చేసిన పని తన జన్మలో ఎన్నడూ చెయ్యనిది. పని సగంలో ఉండగా లేచి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచి, షెడ్డు తలుపు దగ్గరగా వేసి, మెట్టు మీద కూర్చున్నాడు.

లోపల చాలాసేపు చప్పుడు లేదు. తరువాత చక్రం తిరిగింది. చర్రు, చర్రు. ఆగింది. తాళం కిర్రుమంది. మళ్ళీ తిరిగింది. ఈసారి చుట్టుకు ఒక్కసారే చర్రుమంది. అతను కళ్ళు మూసుకున్నాడు. వాల్వు పక్క స్పోకు, అక్కా, ఇంకొక్క పావు వంతు, అని పెదవులు కదిలాయి గానీ మాట బయటికి పోనివ్వలేదు. తాళం మళ్ళీ కిర్రుమంది. చక్రం తిరిగింది. వింటూనే ఉన్నాడు. ఎక్కడా ఏమీ తగల్లేదు. గాలిని మాత్రం సన్నగా కోసుకుంటూ పోయింది.

లోపల పదకొండు గొంతులు ఒక్కసారి కేకేశాయి. మెట్టు మీద కూర్చున్న మనిషి రెండు చేతులూ మొహానికి కప్పుకుని పొగిలి పొగిలి ఏడ్చాడు. అంత సంతోషం ఆ ఒంటికి అలవాటు లేదు.

తలుపు తీసుకుని డాక్టరమ్మ వచ్చింది. "పెట్టెలకు ఇంకో గది చూసుకుంటాంలే" అంటూ అతని భుజం తట్టి వెళ్ళిపోయింది. వెనకే పెద్ద నర్సు.

"ఓస్, ఇంతేనా తాతయ్యా! సెలైను చుక్కలు సరిచేసినట్టే కాస్త కాస్త తిప్పాలి. దీనికా నేను ఎనిమిది నెలలు హడలి చచ్చింది? ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"నాకు సెలైను సంగతేం తెలుసక్కా?"

మూడింటికి అందరూ బస్సు దగ్గరికి వచ్చి సాగనంపుదామనుకున్నారు. కానీ రెండున్నరకు దూరపు పల్లె నుంచి పురిటి కబురు వచ్చింది. పెద్ద నర్సు, తను బెండు తీసిన చక్రం మీదే, మరో ఇద్దరిని వెంటబెట్టుకుని దూసుకుపోయింది. మలుపులో చెయ్యి ఎత్తింది గానీ వెనక్కి తిరగలేదు. మిగతావాళ్ళను రోగులు కమ్ముకున్నారు. అతను సంచి భుజాన వేసుకుని ఒక్కడే నడిచి, ఒక్కడే బస్సెక్కాడు. ఏమీ అనిపించలేదంటే అబద్ధం. గర్వంగా అనిపించింది, బోలెడంత గర్వంగా.

వాళ్ళమ్మ ఫోను చేసింది.

"ఏరా, అన్నీ సర్దుకున్నావా? నువ్వు లేకపోతే వాళ్ళకు గడవదన్నావుగా, ఎలా వదిలారు?"

"గడుస్తుందమ్మా" అన్నాడు, గొంతు నిండుగా. "బ్రహ్మాండంగా గడుస్తుంది."

ఊరు దాటాక గుర్తొచ్చింది, పని చేసేటప్పుడు వేసుకునే నీలం చొక్కా మరిచిపోయానని. పోనీలే అనుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

చొక్కా షెడ్డులో మేకుకు వేలాడుతోంది. అప్పటికే ఎవరో పని ముగించి దాని అంచుకు చేతులు తుడుచుకున్నారు. అతని వేళ్ళకన్నా సన్నటి వేళ్ళ నల్లటి మరకలు ఐదు, నూనె ఆరకుండా, దాని మీద ఇంకా మెరుస్తున్నాయి.