కవరు లేని థ్యాంక్స్

థ్యాంక్స్ అంటూనే మళ్ళీ చెయ్యి చాచడమేమిటని లొరెట్టాకు మంట. కాలేజీ విరాళాల విభాగానికి పెద్దగా చేరగానే, దాతలకు పంపే కృతజ్ఞతల ఉత్తరాల్లో కొత్త చందా కోసం ఖాళీ కవరు పెట్టడం మాన్పించింది.

"కొంప ముంచుతున్నావమ్మా!" అన్నాడు కాలేజీ ప్రెసిడెంటు.

అయోవా మంచులో కారు నడుపుకుంటూ, ఏటా చందా ఇచ్చే పూర్వ విద్యార్థి హాకన్సన్ ఇంటికి కృతజ్ఞతల ఉత్తరం తనే పట్టుకెళ్ళింది. ముసలాయన చదవకుండానే దాన్ని తలకిందులు చేసి దులిపాడు. ఏమీ రాలలేదు.

"కవరేదమ్మాయ్?"

"లేదండీ. మీ డబ్బుతో గ్రీన్‌హౌస్‌కి కొత్త అద్దాలు వేశాం. ఆ మాట చెప్పిపోదామనే వచ్చా."

"మళ్ళీ అడగవూ?"

"అడగనండీ."

ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. చెక్కుబుక్కు తీసి, ఎప్పటికన్నా ఒక సున్నా ఎక్కువే పెట్టి, గద్దించాడు:

"ఇన్నేళ్ళూ కవర్లతో చంపుకు తిన్నారు గదా, తీరా ఇప్పుడు దీన్ని దేంట్లో పెట్టమంటావు?"