గంప అడుగు కాయలు

ఇన్‌స్పెక్షన్ రేపనగా హెడ్మాస్టారు మా ఎనిమిదో తరగతికి వచ్చి సైదాబీని లేపారు.

"నువ్వు రేపు రావద్దు. ఏదన్నా చదవమంటే బడి పరువు పోద్ది."

సైదాబీ నవ్వేసింది. నాకే నవ్వు రాలేదు.

నిరుడు మిరప కోతలకి పోయి అది నాలుగు నెలలు బడి మానేసింది. ఇప్పటికీ అక్షరాలు కూడబలుక్కుంటుంది. నేనైతే రాస్తాను గానీ, నలుగురిలో నిలబడితే గొంతు రాదు. అందుకే కొత్తగా వచ్చిన లిడియా టీచరు మా ఇద్దర్నీ ఒకే బెంచీలో కూర్చోబెట్టారు. సైదాబీ చెప్పాలి, నేను రాయాలి. మార్కు ఇద్దరికీ ఒకటే. శాతాల పాఠానికి ఆవిడ గంపెడు ఎండుమిరపకాయలు తెప్పించారు. రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరడం సైదాబీకి అలవాటైన పని. "వంద కాయల్లో తాలు ఎన్నో, అదేనే శాతం" అని అదే నాకు చెప్పింది. పుస్తకంలో నాలుగు రోజులు చూసినా అర్థం కానిది అప్పుడు అర్థమైంది.

"వాళ్లిద్దరూ జంట సార్" అన్నారు లిడియా టీచరు, హెడ్మాస్టారుతో.

"రాసే పిల్ల ఉందిగా, చాల్లేమ్మా."

మర్నాడు ఇన్‌స్పెక్షన్. బెంచీలో నా పక్కన ఖాళీ. సైదాబీ ఇంట్లో ఉండలేక వచ్చి, వరండాలో మంచినీళ్ల కుండ దగ్గర కూర్చుంది. కిటికీలోంచి దాని ఓణీ అంచు కనిపిస్తోంది.

ఇన్‌స్పెక్టరు గారు గంప చూసి, "ఇది బడా, మిర్చి యార్డా?" అని నవ్వారు. వేలు నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఇందులో తాలు ఎంత శాతం?"

లేచాను. గంప వంకే చూస్తూ నిలబడ్డాను. హెడ్మాస్టారు కళ్లతోనే కసురుతున్నారు.

"అది మూగది సార్" అన్నాడు వెనక నుంచి బుడాన్. అందరూ నవ్వారు.

నా కాళ్లు తలుపు వైపు నడిచాయి.

"ఎక్కడికే?" అని హెడ్మాస్టారు అరిచారు. వెళ్లి సైదాబీ చెయ్యి పట్టుకున్నాను.

"వద్దే, నన్ను చంపుతారే!"

వదల్లేదు. లాక్కొచ్చాను.

"ఎవరీ పిల్ల?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"నేను నోరండి. చెయ్యి ఇదండి" అని సైదాబీ నన్ను చూపించింది. గంప ముందు కూర్చుని మోచేతి దాకా చెయ్యి దోపింది.

"పైనే తీసుకోవచ్చుగా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"పైన ఎప్పుడూ మంచివే సర్దుతారండి. అడుగువి కూడా కలిపితేనే లెక్క."

వంద కాయలు లెక్కపెట్టి తాలు వేరు చేసింది. పదిహేడు. నేను బోర్డు మీద రాశాను.

ఇన్‌స్పెక్టరు గారు బోర్డు కాకుండా హెడ్మాస్టారిని చూశారు. తర్వాత సైదాబీని అడిగారు. "మరి బయటెందుకు కూర్చున్నావు?"

ఎప్పుడూ ఆగని సైదాబీ నోరు ఆగిపోయింది. హెడ్మాస్టారు దగ్గారు. ఇప్పుడు నేను కూడా ఊరుకుంటే దీన్ని మళ్లీ వరండాలోకే పంపిస్తారు.

"రావద్దన్నారండి" అన్నాను.

ఆ గొంతు నాదేనా అనిపించింది. బుడాన్ కూడా నవ్వలేదు.

"లోపలే కూర్చో తల్లీ" అని ఇన్‌స్పెక్టరు గారు ఏదో రాసుకున్నారు. హెడ్మాస్టారు నన్ను చూసిన చూపుకి రేపు ఏమవుతుందోనని భయం వేసింది.

బెంచీలోకి వెళ్లాక సైదాబీ నాకు ఆనుకుని కూర్చుంది. దాని చేతుల ఘాటుకి నా కళ్లు మండుతున్నాయి. అయినా పక్కకి జరగలేదు.