అడుగు కనిపించే నీళ్ళు

ప్రతి నెలా మొదటి ఆదివారం మా ఆయన బాలశౌరి గారు గుడిలో నా పక్కనే చేతులు కట్టుకుని కూర్చుంటారు. రొట్టె పళ్ళెం ఆయన ముందు నుంచే నా దగ్గరికి వస్తుంది. ఆయన తీసుకోరు. తీసుకోకూడదు కూడా. మా సంఘంలో నీళ్ళలో పూర్తిగా మునిగి బాప్తిస్మం పొందినవాళ్ళకే ప్రభువు బల్ల. ఇలా నలభై ఒక్క ఏళ్ళు గడిచాయి.

ఆయన పుట్టింది ఆర్సీయం, అంటే రోమన్ కేథలిక్ కుటుంబంలో. నెలల బిడ్డగా ఉన్నప్పుడే ఫాదరుగారు నెత్తిన నీళ్ళు పోశారట. "ఒకసారి పోశారు కదా, మళ్ళీ ఎందుకు?" అనేవారు. వచ్చిన ప్రతి పాస్టరుతోనూ వాక్యం చూపించి మరీ వాదించేవారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఏటా ఈస్టరు తర్వాత మేమంతా పాటలు పాడుకుంటూ సువర్ణరేఖ నది ఒడ్డుకి బాప్తిస్మాలకి వెళ్తే, ఆయనకి సరిగ్గా ఆ రోజే డ్యూటీ పడేది. లారీల ఫ్యాక్టరీలో ఫిట్టరు పని. రిటైరయ్యాక డ్యూటీ లేకపోయేసరికి నడుం నొప్పి వచ్చేది.

నేను ఆ ఫ్యాక్టరీ వాళ్ళ టెల్కో కాలనీలో ముప్పై ఏళ్ళు లెక్కల టీచరుగా చేశాను. నా నోటికి జడిసి ఎక్కాలు నేర్చుకున్న పిల్లలు ఈ హిందీ ఊరినిండా ఉన్నారు. ఈ ఒక్క మనిషి మాత్రం లొంగలేదు. అహంకారం అనుకున్నాను. ఆ అహంకారం విరిగిపోవాలని ప్రార్థన కూడా చేశాను, ఆయన వినేలా.

ఈ మార్చిలో ఆయన పేగులో గడ్డ ఉందన్నారు. వెల్లూరు వెళ్ళి కోయించుకోవాలి. ఏప్రిల్ మొదటి సోమవారం రైలుకి టిక్కెట్లు దొరికాయి. ఆ ముందు రోజు ఆదివారం గుడిలో బల్ల ఉంది. బుధవారం మధ్యాహ్నం టీ తాగుతూ ఆయన ఉన్నట్టుండి అన్నారు.

"కుమారీ, వెళ్ళేలోగా ఒక్కసారి నీతోపాటు బల్ల తీసుకోవాలనుంది."

చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. "అయితే మునగాల మరి," అన్నాను, సంతోషం కనబడకుండా.

"మునుగుతాను. అడుగు కనిపించే నీళ్ళయితేనే."

"సువర్ణరేఖలో అడుగు ఎవడికి కనబడుతాదండీ? ఇది కొత్త సాకా ఏటి?"

ఆయన టీ తాగేసి గ్లాసు కడుక్కోడానికి వెళ్ళిపోయారు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోంచే ఆలోచన కూడా వచ్చింది. సరే, అడుగు కనిపించే నీళ్ళే చూపిస్తాను, ఇంక ఏ వంకా మిగలకుండా చేస్తాను అనుకున్నాను.

మా గుడి జరిగే హాలు సీతారాండేరాలో అద్దెది. అక్కడ బాప్తిస్మం తొట్టి లేదు. పూణేలో ఉన్న మా అమ్మాయి జెన్సీకి ఫోన్ చేస్తే, "అమ్మా, హోటల్ పూల్‌కి వెళ్ళండి. రూమ్ తీసుకోకపోయినా డే పాస్ ఇస్తారు," అంది. తనే ఫోన్లో శుక్రవారం పొద్దుటికి ఇద్దరికి పాస్ తీసేసింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒడ్డున కూర్చోవచ్చట. అయితే బట్టలతో దిగకూడదు, నైలాను నిక్కరూ నెత్తికి టోపీ ఉండాలి.

మా పాస్టరు నెల్సన్‌కి ముప్పై దాటలేదు. సంగతి చెబితే కాసేపు బుర్ర గోక్కుని, "నీళ్ళు నీళ్ళేగా ఆంటీ. ప్రభువుకి క్యా ఫరక్ పడ్తా హై?" అన్నాడు. ప్రభువుకి తేడా పడకపోయినా నాకు పడింది. గురువారం ఎండలో సాక్చీ బజారుకెళ్ళి, ఆటల సామాను అమ్మే కొట్లో నిలబడి పాస్టరు గారి నడుము కొలత చెప్పాల్సి వచ్చింది. కొట్టువాడు ఎర్ర చారలున్న నిక్కరు తీశాడు. నల్లవి రెండు ఇమ్మన్నాను.

శుక్రవారం తొమ్మిదింటికి హోటల్‌కి చేరాం. కౌంటరు దగ్గర చేతికి కాగితం పట్టీలు చుట్టారు. గదుల్లో దిగినవాళ్ళకి నీలం, బయటి నుంచి వచ్చినవాళ్ళకి పసుపు. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ ముందు మా మణికట్టు చూసి, ఆ తర్వాత మొహం చూశారు. నాకు ఒళ్ళు మండింది గానీ, పనిమీద వచ్చాం కదా అని ఊరుకున్నాను.

పూల్ దగ్గర కుర్చీలో కూర్చున్నామో లేదో, నెల్సన్ సంచీలోంచి బైబిలు తీశాడు. దాంతోపాటు తెల్ల అంగీ, చిన్న కంజిర కూడా బయటికి వచ్చాయి. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు కంజిర ఎందుకు తెచ్చాడో నాకు తెలీదు. రెండు నిమిషాల్లో మేనేజరు వచ్చాడు. టై కట్టుకున్న కుర్రమేనేజరు, చాలా మర్యాదస్తుడు.

"మేడమ్, ధార్మిక్ కార్యక్రమ్ యహా అలౌడ్ నహీ హై," అన్నాడు, మత కార్యక్రమాలు ఇక్కడ కుదరవని.

నేను లేచాను. డబ్బు కట్టి పాస్ తీసుకున్నామని, మేం ఎవరినీ మతం మార్చడం లేదని, ఈయన పుట్టినప్పటి నుంచీ క్రైస్తవుడేనని, డెబ్భై ఏళ్ళ మనిషి ఆపరేషన్‌కి వెళ్తూ నీళ్ళలో ఒక్క మునక మునిగితే మీ హోటల్ కొట్టుకుపోదని హిందీలో దులిపేశాను. అతను తల వంచుకుని అంతా విన్నాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పిన మాటలకి నా కోపం చల్లారిపోయింది. ఎవడో ఒకడు మొబైల్లో వీడియో తీసి నలుగురికి పంపితే, సాయంత్రానికి గేటు ముందు గొడవ, మర్నాటికి తన ఉద్యోగం ఉండదు. కిందటి నెలే కూతురు పుట్టిందట. నాకు అతని మీద జాలేసింది. ఇప్పుడు అందరివీ భయాలే.

"ఈత కొట్టడానికి వచ్చారు కదా, ఈత కొట్టండి," అన్నాడు చివరికి. "నేను ఆఫీసులో ఉంటాను."

బైబిలు, అంగీ, కంజిర మళ్ళీ సంచీలోకి వెళ్ళాయి. వాక్యం తనకి నోటికి వచ్చు అన్నాడు నెల్సన్. పాట లేదు, తెల్లబట్టల్లేవు. మా ఆయనా పాస్టరూ నల్ల నిక్కర్లు, రబ్బరు టోపీలతో బట్టలు మార్చుకునే గదిలోంచి బయటికి వచ్చారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాస్టరు గారి కాళ్ళు చూడకూడదని నేను రూల్సు బోర్డు చదువుతూ కూర్చున్నాను.

మా ఆయన లోతు తక్కువ వైపు మెట్ల దగ్గర నిలబడి చాలాసేపు నీళ్ళలోకి చూశారు. అడుగున నీలం పలకలు, వాటి మధ్య తెల్లటి గీతలు, అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. ఒక్కో మెట్టూ దిగారు. నడుము లోతులో ఆగారు. నెల్సన్ ఒక చెయ్యి ఆయన వీపు కింద పెట్టి, రెండో చెయ్యి ఛాతీమీద పెట్టి, పెదాలు కదిపాడు. వెనక్కి వాల్చబోయాడు.

ఆయన వాలలేదు. ఒళ్ళంతా బిగుసుకుపోయింది. రెండు చేతులతో మెట్ల పక్కనున్న స్టీలు కమ్మీ పట్టుకున్నారు. మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ అంతే. మూడోసారి కమ్మీ వదలనే లేదు. ఊపిరి ఎగబోస్తోంది. నేను గట్టుమీద నుంచి, "ఇంత దూరం వచ్చి ఇదేటండీ, మూడడుగుల నీళ్ళకి!" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను కోస్తూనే ఉంది.

ఆయన నావైపు చూడలేదు. నెల్సన్‌తో అన్నారు. "నువ్వు చెయ్యి వదిలేత్తావు."

"నహీ అంకుల్, వదలను. ప్రామిస్."

"నేనూ వదల్లేదనే అనుకున్నాను బాబూ."

నెల్సన్ ఆయన మొహంకేసి చూశాడు. తర్వాత ఆయనే చెప్పారు, నీళ్ళకేసి చూస్తూ. "నాకు పదకొండేళ్ళు. మా తమ్ముడు సెబాస్టియన్‌కి ఏడు. వానాకాలం. అమ్మకి చెప్పకుండా నదికెళ్ళాం. వాడి చెయ్యి నా చేతిలోనే ఉంది. నీళ్ళు ఎర్రగా బురద. కిందకి చూత్తే నా చెయ్యే నాకు కనబళ్ళేదు. వాడు ఉన్నాడనే అనుకుంటన్నాను. పైకి తీత్తే ఉత్త చెయ్యి."

మరిది చిన్నప్పుడు నదిలో పోయాడని నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలోనే అత్తగారు చెప్పారు. ఈయన నదికి రారనీ తెలుసు. ముప్పై ఏళ్ళు ఊళ్ళో పిల్లలకి కూడికలు నేర్పినదాన్ని, ఇంట్లో ఈ రెండూ కలిపి చూసుకోలేకపోయాను. భయమా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఆయన వాక్యాలు చూపించి వాదిస్తుంటే నేనూ వాక్యాలే వెతికాను. సిగ్గుతో నా మొహం కాలిపోయింది.

"అమ్మా, మీరు మనోళ్ళేనా?" అని వినబడింది వెనక నుంచి.

మా తెలుగు విని వచ్చాడు, మెళ్ళో విజిల్ వేసుకున్న పూల్ కాపలా మనిషి. ఇందాకటి నుంచి అవతలి ఒడ్డున ఎత్తు కుర్చీలో కూర్చుని అంతా గమనిస్తూనే ఉన్నాడు. పేరు జగ్గారావు, యాభై దాటి ఉంటాయి. వాళ్ళది ఇచ్ఛాపురం అవతలట. నుదుట కుంకుమ బొట్టు చెమటకి కొంచెం చెదిరింది.

"పెద్దాయనికి నీళ్ళంటే భయం గావాల," అన్నాడు. "ఏటి చెయ్యాల సెప్పండి. ఈత నేర్పాలా?"

నేను దాచలేదు. మునక వెయ్యాలని, ఒక్కసారే, ఎందుకో కూడా చెప్పాను. వింటున్నంతసేపూ అతను మేనేజరు గది కిటికీ వైపు చూశాడు. ఆ కిటికీకి తెర వేసి ఉంది. జగ్గారావు విజిల్ తీసి నా చేతిలో పెట్టి నీళ్ళలోకి దిగాడు.

"బాబుగారూ, నాను ఇరవైరెండేళ్ళ బట్టి ఈ పనే చేత్తన్నాను. నా చేతిలోంచి జారిపోయినోడు ఒక్కడూ లేడు. పెద్ద లావుగా ఉండీ సేట్‌లని కూడా పైకి లాగీసినాను. మీరు ఏపాటి?"

ఆయన నవ్వారు. కొంచెమే.

జగ్గారావు తొందరపెట్టలేదు. ముందు మొహం మాత్రం నీళ్ళలో పెట్టించాడు. "నోటితో గాలి ఒగ్గీండి, బుడగలు రావాల," అన్నాడు. మా ఆయన చిన్నపిల్లాడిలా బుడగలు వదిలారు. నీలం పట్టీలున్న ఇద్దరు ఆడపిల్లలు ఆట ఆపి చూశారు, తర్వాత వాళ్ళూ బుడగలు వదలడం మొదలుపెట్టారు. అలా పావుగంట గడిచింది. నేను చెప్పులు విప్పి, గట్టుమీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టాను. చీర కుచ్చిళ్ళు తడిశాయి. చీరతో నీళ్ళలోకి రాకూడదని బోర్డుమీద ఉంది. జగ్గారావు చూశాడు. విజిల్ నా చేతిలోనే ఉంది కదా, ఏం చేస్తాడు?

"కుమారీ, నీ చెయ్యివ్వు," అన్నారు మా ఆయన.

ఇచ్చాను. అప్పుడు కమ్మీ వదిలారు. వీపు కింద ఒకవైపు నెల్సన్ చెయ్యి, ఇంకోవైపు జగ్గారావు చెయ్యి. ఆయన కళ్ళు మూసుకోలేదు. నెల్సన్ చాలా మెల్లగా, పక్కవాళ్ళకి వినబడకుండా, "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున," అన్నాడు. ముగ్గురూ వంగారు. ఆయన నీళ్ళ కిందికి వెళ్ళారు. నా చేతిని ఎముకలు విరిగేటట్టు నొక్కారు. ఒకటి, రెండు. పైకి వచ్చారు, దగ్గుతూ, ముక్కులోంచి నీళ్ళు కారుస్తూ.

"అయిపోనాది," అన్నాడు జగ్గారావు, మా అందరికంటే సంతోషంగా.

నేను ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు. నెల్సన్ టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. మా ఆయన మాత్రం కదలకుండా నీళ్ళకేసే చూస్తున్నారు.

"పాస్టరు గారూ, ఇంకోసారి మునుగుతాను."

"బాప్తిస్మం ఒక్కసారే అంకుల్. బస్."

"బాప్తిస్మానికి కాదు," అన్నారు ఆయన. నా చెయ్యి తనే వదిలేశారు. ముక్కు మూసుకుని, మోకాళ్ళు వంచి, ఒంటరిగా కిందికి వెళ్ళారు. జగ్గారావు దగ్గరికి జరిగాడు గానీ ముట్టుకోలేదు. నీళ్ళలోంచి ఆయన నాకు పూర్తిగా కనబడుతున్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అడుగున పలకలమీద అరచెయ్యి ఆనించి, అటూ ఇటూ తల తిప్పి, తాపీగా చూశారు. నేను గట్టు అంచు పట్టుకుని ముందుకి వంగాను. ఆయన మాత్రం బుడగలు వదులుతూ ఉన్నారు.

పైకి వచ్చి మొహం తుడుచుకున్నారు. "ఎవరూ లేరు కుమారీ," అన్నారు. ఆ గొంతు నేను నలభై ఒక్క ఏళ్ళలో ఎప్పుడూ వినలేదు. "కింద ఎవరూ లేరు."

నేను ఆయన టోపీ మీద చెయ్యి వేశాను. టోపీ కిందనుంచి కారుతున్న నీళ్ళు కొంగుతో తుడిచాను. చెప్పాల్సిన క్షమాపణలు చాలా ఉన్నాయి.

పదకొండింటికి పిల్లల ఈత క్లాసు ఉంది. పసుపు పట్టీల వాళ్ళు అప్పటికి బయటికి రావాలి. నెల్సన్ వెళ్ళి బట్టలు మార్చుకుని వచ్చాడు. జగ్గారావు నా దగ్గర విజిల్ తీసుకుని మెళ్ళో వేసుకుని, గోడ గడియారం చూపించాడు. మా ఆయన ఛాతీలోతు నీళ్ళలో చేతులు చాపి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడుస్తున్నారు, మళ్ళీ వెనక్కి వస్తున్నారు. ఎవరినీ పట్టుకోలేదు.

"పెద్దాయన్ని పిలవమంటారా అమ్మా?" అన్నాడు జగ్గారావు.

ఆ మనిషిని ఇన్నేళ్ళూ ప్రతిదానికీ తొందరపెట్టినదాన్ని నేనే. "ఇంకో పది నిమిషాలు ఉండనీ నాయనా," అని బతిమాలాను.