ఎనభై అయిదు అంగుళాల మనం

“కిరణ్, కాస్త ఈ చివర పట్టుకో,” అంటూ రవిచంద్ర కొలత టేపు మొన భార్య చేతిలో పెట్టాడు.

కిరణ్మయి అప్పుడు గ్రైండర్ కడుగుతోంది. వారానికి సరిపడా దోసెల పిండి శనివారం పొద్దున్నే రుబ్బి పెట్టుకోకపోతే సోమవారం నుంచి ఆ ఇంట్లో అందరి మొహాలూ వేలాడతాయి. తడిచేతులు టీషర్టుకి తుడుచుకుని టేపు అందుకుంది. కొత్త టీవీ గురించి రెండు నెలలుగా నడుస్తున్న చర్చ ఇవాళ షాపు దాకా వచ్చిందని ఆమెకి తెలుసు. అందుకే పాత టీవీ ఉన్న పెద్ద లాంజ్ వైపు తిరిగింది. టేపు మాత్రం అటు రాకుండా చిన్న లాంజ్‌లోకి సాగింది. చివర తన చేతిలో ఉంది కాబట్టి ఆమె కూడా దాని వెంట నడిచింది.

“చూశావా! పెద్ద లాంజ్‌లో కిటికీల మధ్య అరవై అయిదు అంగుళాలు మించి పట్టదు. ఇక్కడైతే ఎనభై అయిదు హాయిగా పడుతుంది,” అన్నాడు రవిచంద్ర, గోడని వెన్ను తట్టినట్టు తడుతూ. “మనం ఈ కుర్చీ తీసి గరాజ్‌లో పడేద్దాం. గోడ శుభ్రంగా తుడిచేద్దాం. సాయంత్రానికల్లా గది ఖాళీ చేసేద్దాం.”

ముగ్గురు మనుషులున్న ఆ ఇంట్లో ఈ మూడు పనులూ ఎవరు చేస్తారో కిరణ్మయికి తెలుసు. కుర్చీకి కూడా తెలిసే ఉంటుంది.

రవిచంద్ర మంచివాడు. ఈ మాట వాళ్ళుండే రోటోటూనాలోని తెలుగువాళ్ళంతా చెబుతారు. గొంతు పెంచడు. పళ్ళెం విసరడు. ‘చెయ్యి’ అని ఏనాడూ అనడు. ‘చేద్దాం’ అంటాడు. పెళ్ళయిన కొత్తలో ఆ మాటకి కిరణ్మయి మురిసిపోయింది కూడా. అమ్మని నాన్న ‘ఒసేయ్’ అని పిలిచే ఇంట్లోంచి వచ్చిన పిల్ల మరి. ‘మనం గిన్నెలు తోమేద్దాం’ అని అతను సోఫాలో కాళ్ళు చాపుకున్నప్పుడు, వస్తాడు కాబోలని సింకు దగ్గర పక్కకి జరిగి చోటిచ్చేది. ‘మనం మా అమ్మకి రోజూ ఫోన్ చేద్దాం’ అన్నాడు, ఆమె చేసింది. ‘మనం టాక్స్ పేపర్లు సర్దేద్దాం’ అన్నాడు, ఆమె సర్దింది. ప్రసవం గదిలో, ప్రాణం పోతున్నట్టు ఆమె అరుస్తుంటే, నుదుటి మీద చెయ్యి వేసి ‘మనం ఇంకొంచెం గట్టిగా పుష్ చేద్దాం’ అన్నాడు. మిడ్‌వైఫ్‌కి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాడు. చెయ్యి అన్నవాడితో చెయ్యనని పోట్లాడవచ్చు. చేద్దాం అన్నవాడితో ఎవరు పోట్లాడతారు? పోట్లాడితే, పాపం, ఎంత మర్యాదగా అన్నాడమ్మా అని లోకమంతా ఆమెనే చూస్తుంది. పనిచేసేచోటా ఇదే వరస. ‘వుయ్ షుడ్ రియల్లీ క్లీన్ దట్ ఫ్రిజ్’ అని టీ గదిలో ఎవరో గాల్లోకి అంటారు. ఆ గాలి తిరిగి తిరిగి కిరణ్మయి మీదే వాలుతుంది.

ఇక ఆ చిన్న లాంజ్ సంగతి. ఇల్లు కొన్నప్పుడు అది అట్టపెట్టెల గది. తర్వాత అత్తగారు మంగాదేవి వచ్చి ఆరు నెలలున్నప్పుడు ఆవిడ గది. ఆవిడ కాకినాడ వెళ్ళిపోయాక కిరణ్మయి పెట్టెలన్నీ తీసేసి, పాత సామాన్లమ్మే ఆప్ షాప్ నుంచి ఒక చేతుల కుర్చీ తెచ్చి వేసుకుంది. అంతే. ఇంకేం పెట్టలేదు. అది ఉత్తరం గది. భూమధ్యరేఖకి దక్షిణానున్న ఈ దేశంలో ఎండ ఉత్తరం నుంచి వస్తుంది. సాయంత్రం ఆ ఎండ ఎదురు గోడ మీద పడి, బయట ఫీజోవా చెట్టు ఆకుల నీడలు మెల్లగా పక్కకి జరుగుతుంటాయి. ఆసుపత్రిలో ఆమె సోనోగ్రాఫర్. పగలంతా చీకటి గదిలో కూర్చుని స్కానింగ్ తెర మీద నలుపులో నలుపు వెతుకుతుంది. వెతికి దొరికినదాన్ని మొహంలో కనపడనివ్వకూడదు కూడా. అమ్మ కాబోతున్నవాళ్ళు తెరని చూడరు, ఆమె మొహాన్నే చూస్తారు. అన్ని మొహాలకి సమాధానం చెప్పకుండా చెప్పి ఇంటికొచ్చాక, వంటింట్లోకి వెళ్ళబోయే ముందు కాసేపు ఆ కుర్చీలో కూర్చుని, తనని ఏమీ అడగని గోడని చూస్తుంది. ఇంట్లో ఏమీ తగిలించని గోడ అదొక్కటే.

“అక్కడ కూర్చుని ఏం చేస్తావు?” అని అడిగాడు ఒకసారి రవిచంద్ర.

“ఏమీ చెయ్యను.”

“ఏమీ చెయ్యని దానికి ఒక గదెందుకోయ్?” అని నవ్వాడు. మంగాదేవిగారైతే వీడియోకాల్‌లో ఆ గోడ చూసి, “ఉత్తరం గది అలా బోసిగా ఉంచకూడదమ్మాయ్, డబ్బు నిలవదు,” అంది. ఈ దేశంలో సూర్యుడే దిక్కు మార్చుకున్నాడు గానీ ఆవిడ వాస్తు మార్చుకోలేదు.

ఎందుకు చెప్పలేదు అప్పుడే, ఇది నా గోడ అని? షాపుకి బయల్దేరిన కారులో, వెనక్కి పోతున్న ఇళ్ళని చూస్తూ కిరణ్మయి తనని తాను తిట్టుకుంది. చెప్పడానికి ఏముంది చేతిలో? పూజ చేసుకుంటానంటే గది ఇస్తారు. కుట్టుమిషను పెట్టుకుంటానంటే ఇస్తారు. పరీక్షకి చదువుకుంటానంటే తలుపు దగ్గరకి కాఫీ కూడా రావచ్చు. ఊరికే కూర్చుంటానంటేనే ఎవరికీ మింగుడు పడదు.

పెద్ద షాపులుండే తే రాపా వైపు కారు నడుపుతూ రవిచంద్ర స్పీకర్‌లో మధుబాబుతో మాట్లాడుతున్నాడు. మధుబాబు అతని ఆఫీసు స్నేహితుడు. ఈ ఏడాది మార్కెట్లోకి వచ్చిన టీవీలన్నీ ఇద్దరికీ కంఠతా వచ్చు. “మేం ఓలెడ్‌కే ఫిక్సయిపోయాం బాబూ,” అంటున్నాడు రవిచంద్ర. “మినీ ఎల్ఈడీ వద్దనుకున్నాం. మేం ఎనభై అయిదు తీసుకుంటున్నాం.”

ఈ ‘మేం’ని కూడా కిరణ్మయి ఎప్పటినుంచో ఎరుగును. అనుకోవడం, తేల్చుకోవడం, కొనడం వచ్చేసరికి ‘మేం’. అందులో ఒక్కోసారి మధుబాబు ఉంటాడు, ఒక్కోసారి కాకినాడలో అమ్మ ఉంటుంది, ఒక్కోసారి యూట్యూబులో టీవీలు విప్పి చూపించే ఎవడో ముక్కూమొహం తెలియనివాడు ఉంటాడు. ఆమె ఉండదు. తుడవడం, మోయడం, వండడం దగ్గరే ఆమెకి పిలుపు.

షాపులో గోడ పొడుగునా టీవీలు. అన్నింట్లోనూ ఒకటే చిలుక, ఒకటే జలపాతం.

“చూడు కిరణ్, ఇది నిజమైన బ్లాక్,” అన్నాడు రవిచంద్ర, రాత్రి ఆకాశం వచ్చిన చోట వేలు పెట్టి. “బ్లాక్ అంటే నువ్వనుకునే బ్లాక్ కాదు. మామూలు టీవీలో అది గ్రే. మన కంటికి తెలీదు.”

తన కంటికి తెలుస్తుందని, దానికే జీతమిస్తున్నారని అనబోయి ఊరుకుంది. ఎన్నిసార్లు చెబుతాం? మెడలో బ్యాడ్జి వేలాడుతున్న సేల్స్‌మన్, పెద్ద వయసు కివీ మనిషి, రవిచంద్రతో ప్యానెళ్ళ గురించి చాలాసేపు మాట్లాడి, ఇక ఆడమనిషిని కూడా పలకరించాలి కదా అన్నట్టు ఆమె వైపు తిరిగాడు. కట్టేసినప్పుడు పెయింటింగులా కనిపించే మోడల్ ఉందట. ఫ్రేము తెలుపులోనూ టేకు రంగులోనూ దొరుకుతుందట. మీ కర్టెన్లు ఏ రంగు అని అడిగాడు.

“షీ ఈజ్ ఈజీ,” అని ఆమె బదులు రవిచంద్రే చెప్పేశాడు. “తనకి ఏదైనా ఒకటే.”

కిరణ్మయి చెవులు వేడెక్కాయి. చెప్పేవాడు నవ్వుతూ చెబుతున్నాడు, వినేవాడు నవ్వుతూ వింటున్నాడు. ఆమె కూడా నవ్వింది. అలా నవ్వినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

“వచ్చే శనివారం మనం అందర్నీ పిలుద్దాం,” అని భార్యతో ఉత్సాహంగా అన్నాడు రవిచంద్ర. “మనం బిర్యానీ చేసేద్దాం. మిర్చి బజ్జీ కూడా వేసేద్దాం.”

ఆమె వెళ్ళి, చూపుకి వేసిన సోఫాలో అప్పటికే కూర్చునున్న కూతురి పక్కన కూలబడింది. కావ్యశ్రీకి పదేళ్ళు. ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం ఇంగ్లీషు వస్తుంది. ఇంతసేపూ తండ్రి మాటలే వింటోంది.

“అమ్మా, ‘మనం’ మీన్స్ యూ, రైట్?”

“ఏంటీ?”

“లాస్ట్ సండే తెలుగు క్లాసులో ప్రణీత ఆంటీ మనం అంటే ఏంటి అని అడిగారు. నేను ‘అమ్మ’ అని చెప్పాను. ఎవ్రీబడీ లాఫ్డ్.” పిల్ల మొహంలో ఆ అవమానం ఇంకా ఆరలేదు. “బట్ డాడ్ ‘మనం వండేద్దాం’ అంటే నువ్వే వండుతావు. ‘మనం ఉతికేద్దాం’ అంటే నువ్వే ఉతుకుతావు. సో ఐ థాట్, అది అమ్మని రెస్పెక్ట్‌గా పిలిచే వర్డ్ అని.”

కిరణ్మయికి నవ్వొచ్చింది. అంతలోనే ఆగిపోయింది. పిల్ల తప్పు చెప్పలేదు. చూసినది చూసినట్టు చెప్పింది. ఇంట్లో ఆ మాట ఎలా బతుకుతోందో పదేళ్ళుగా చూసి, అర్థం తనే కట్టుకుంది. క్లాసులో నవ్విన పిల్లల ఇళ్ళల్లో మాత్రం మనం అంటే ఎవరో? దుఃఖం కంటే ముందు భయం వేసింది. రేపు ఎవడో ఒకడు, మంచివాడే, మర్యాదగా, దీని భుజం మీద చెయ్యి వేసి మనం చేసేద్దాం అంటాడు. ఇది లేచి వెళ్ళి చేసేస్తుంది. గౌరవం అనుకుంటుంది కూడా. తను అనుకోలేదూ!

“కాదు నాన్నా,” అంది కూతురి జుట్టు వెనక్కి దువ్వుతూ. “మనం అంటే నువ్వూ, నేనూ, నాన్నా. అందరం కలిసి.”

“లైక్ వెన్?”

కిరణ్మయి నోరు తెరిచింది. ఇంటి పనిలో ఒక్క ఉదాహరణ కోసం వెతికింది. మొన్నటిది కాకపోతే అటు మొన్నటిది, ఇక్కడిది కాకపోతే పెళ్ళయిన కొత్తలో లోవర్ హట్ అనే ఊళ్ళో అద్దెకున్న ఫ్లాట్‌లోది. పిల్ల ఓపిగ్గా ఎదురుచూస్తోంది. ఒక్కటీ దొరకలేదు.

“కిరణ్! ఇటు రా, ఫైనల్ చేసేద్దాం,” అని పిలిచాడు రవిచంద్ర.

ఆమె కూతురిని చెయ్యి పట్టుకుని లేపి కౌంటరు దగ్గరికి నడిచింది. గోడకి బిగించే మనుషులని కూడా పంపిస్తాం, ఏ గది అని అడుగుతున్నాడు సేల్స్‌మన్.

“పెద్ద లాంజ్,” అంది కిరణ్మయి ఇంగ్లీషులో. “అరవై అయిదు అంగుళాలది.”

రవిచంద్ర ఆమె ఏదో పొరపాటు పడిందనుకుని చిన్నగా నవ్వాడు. “అరవై అయిదేంటి కిరణ్? మేం ఎనభై అయిదు అనుకున్నాం కదా.”

“అవును. మీరూ మధుబాబుగారూ అనుకున్నారు. ఆయన గోడకి పెట్టుకోండి.”

“మరీ చిన్నపిల్లలా మాట్లాడకు. ఏంటి, ఆ కుర్చీ గురించా? కుర్చీ పెద్ద లాంజ్‌లో వేసేద్దాం. నువ్వక్కడ కూర్చుని చేసేదేముంది?”

“ఏమీ లేదు. ఏమీ చెయ్యకుండా ఉండటానికి నాకు ఆ గోడ కావాలి.”

సేల్స్‌మన్‌కి భాష తెలియకపోయినా సంగతి తెలిసిపోయింది. కంప్యూటర్ తెరలోకి తల దూర్చేశాడు. రవిచంద్ర గొంతు తగ్గించాడు. అతను గొంతు పెంచే మనిషి కాదని చెప్పుకున్నాం కదా.

“అదేం మాట కిరణ్? నీ గోడ, నా గోడ ఏంటి? ఇల్లు మనది.”

“ఇల్లు మనదే. ఆ గోడ నాది.”

ఇంత చిన్న వాక్యం అనడానికి తనకి ఇన్నేళ్ళు పట్టిందా అని కిరణ్మయికే ఆశ్చర్యం వేసింది. షాపులో చిలుకలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయి జలపాతాలు వచ్చాయి. రవిచంద్ర ఎనభై అయిదు వైపు ఒకసారి, భార్య వైపు ఒకసారి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. నవ్వలేదు కూడా. చివరికి అతను మొహం ముడుచుకుని, అరవై అయిదే రాసుకోమన్నట్టు సేల్స్‌మన్‌కి తలూపాడు.

బుధవారం పగలు తెస్తామని, ఇంట్లో పెద్దవాళ్ళెవరో ఒకరు ఉండాలని చెప్పాడు సేల్స్‌మన్.

“మనం బుధవారం లీవు పెట్టేద్దాం కిరణ్,” అన్నాడు రవిచంద్ర ఫోను చూసుకుంటూ, అలవాటు కొద్దీ.

“నేను పెట్టను. నా కోసం వారాల తరబడి ఎదురుచూస్తున్న పేషెంట్లున్నారు.”

“నాకు ఆ రోజు రివ్యూ ఉందిగా. మరెలా?”

జవాబు చెప్పాల్సిన పని తనది కాదనిపించింది కిరణ్మయికి. తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూస్తున్న కావ్యశ్రీ, ఏదో అర్థమైనట్టు రెండడుగులు వేసి తండ్రి పక్కకి వెళ్ళింది. అతని మోచెయ్యి మీద మెల్లగా తట్టి, ఒక్క ఇంగ్లీషు ముక్క దొర్లకుండా అతి మర్యాదగా అంది:

“పర్లేదు నాన్నా. మనం లీవు పెట్టేద్దాం. మనం ఇంట్లో ఉండి టీవీ పెట్టించేద్దాం. శనివారం బిర్యానీ కూడా మనం చేసేద్దాం.”

ఆ తెలుగుని కిరణ్మయి దిద్దలేదు.